లారీకి నలభై గొర్రెలు

ఉద్యోగమంతా పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేశాను. గజ్వేల్, కొండపాక, చిన్నకోడూరు, సిద్దిపేట చుట్టుపక్కల మందల్లో చిటుకు రోగానికీ పీపీఆర్‌కూ టీకాలు వేశాను. రిటైరయ్యాక, తిండి కోసం పెంచే జీవాలు పడే బాధను తగ్గించే పనికి నా సమయమంతా ఇచ్చాను. ఈ మధ్య కాలేజీ పిల్లలు కొందరు వచ్చి "మేమూ చేస్తాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవాటినే ఇక్కడ రాస్తున్నాను.

1. పళ్లెంలోకి చూడకండి

మన సిద్దిపేట జిల్లాలో దసరాకు యాట తెగని వాడ ఉండదు. చుట్టం ఇంటికొస్తే కోడి కోయకుంటే మర్యాద కాదు. అటువంటి ఇంటికి పోయి "మాంసం మానండి" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. పైగా తిండి ముచ్చట మన దేశంలో కులం వైపో మతం వైపో ఎప్పుడు మళ్లుతుందో చెప్పలేం. పశువుల బండి ఆపి, డ్రైవర్ పేరడిగి, ఆ పేరును బట్టి చెయ్యి చేసుకునేవాళ్లున్నారు. వాళ్లకూ మనకూ ఏ సంబంధమూ లేదని మొదటి మాటలోనే తేల్చి చెప్పాలి. బండి ఎవరిదైనా కావచ్చు, లోపల ఉన్నది ఆవు, గొర్రె, కోడి, పంది ఏదైనా కావచ్చు. అది ఎట్లా బతికింది, ఎట్లా బండెక్కింది, ఎట్లా చచ్చింది అన్నదే మనం అడగాలి.

ఇంకో సంగతి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకూ బాలింతలకూ భోజనంతో పాటు రోజూ ఒక గుడ్డు పెడుతున్నారు. మన ఊళ్లలో రక్తం తక్కువున్న ఆడపిల్లలను చూసినవాడిగా చెబుతున్నాను, ఆ గుడ్డు మీద ఒక్క మాట కూడా అనకండి. కోడిని ఇనుప బోనులో పెట్టినవాళ్లను అడగాల్సింది ఆ తల్లిని అడగడం అన్యాయం.

2. అంకెలు నోటికి రావాలి

జాలి పడమని బతిమాలితే ఎవరూ వినరు. "ఫలానా నిబంధన ప్రకారం ఇన్నే ఎక్కించాలి" అంటే మాత్రం చెక్‌పోస్టులో కానిస్టేబుల్ కూడా ఆగి వింటాడు. నేను చాలాసార్లు చూశాను.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని వెనక నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ ఉన్నారు. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె 1953లో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే బిల్లు తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక ఆమె దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం కింద 1978లో జంతువుల రవాణా నిబంధనలు వచ్చాయి. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో నలభైకి మించి గొర్రెలను గానీ మేకలను గానీ ఎక్కించకూడదు. ఆవులూ గేదెలైతే ఆరే. కింద కనీసం ఐదు సెంటీమీటర్ల మందంలో గడ్డి పరవాలి. జీవాలు ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి పత్రం ఉండాలి. ఆ తర్వాత మోటారు వాహనాల నిబంధనల్లో కూడా ఒక్కో గొర్రెకు 0.3 చదరపు మీటర్లు, ఆవుకు 2 చదరపు మీటర్ల జాగా ఉండేటట్టు లారీలో శాశ్వతమైన అడ్డుగోడలు కట్టాలని రాశారు.

ఆ రవాణా నిబంధనల్లోనే కోళ్ల సంగతి చూడండి. ఎండలో, వానలో, ఎదురుగాలిలో వాటిని తరలించకూడదు. వేడి 25 డిగ్రీలు దాటినా, 15 డిగ్రీల కంటే తగ్గినా అసలు బండెక్కించకూడదు. సిద్దిపేటలో మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట 25 డిగ్రీలు ఎప్పుడుంటుంది? అంటే మన ఎండాకాలంలో రాజీవ్ రహదారి మీద పగటిపూట పోయే కోళ్ల బండి ప్రతి ఒక్కటీ నిబంధన దాటినట్టే. కోడికి చెమట పట్టదు. ఎక్కువగా నోరు తెరిచి ఎగపోసుకునే అది ఒంటి వేడిని బయటికి పంపుకుంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ట్రేల నడుమ గాలి ఆడకపోతే, బండి ఆగిన పది నిమిషాల్లోనే మధ్య వరుసలోవి వాలిపోతాయి.

3. కొండపాకలో మొదలైన పథకం ఏం నేర్పింది

2017 జూన్ 20న గొర్రెల పంపిణీ పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి మన కొండపాకలోనే ప్రారంభించారు. 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. దాని విలువ 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. గొల్ల కురుమలకు ఇంత పెద్ద సాయం అంతకుముందు ఎప్పుడూ అందలేదు. నిలదొక్కుకున్న కుటుంబాలు ఉన్నాయి, ఆ మాట దాచను.

అయితే ఒక్కసారిగా లక్షల గొర్రెలు కావాలంటే ఇక్కడెక్కడున్నాయి? ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి లారీల్లో తెచ్చారు. ఈ రవాణాలో గొర్రె ఒంట్లో ఏం జరుగుతుందో దవాఖానలో పనిచేసినవాడికి తెలుస్తుంది. మేత, నీళ్లు లేకుండా పది పన్నెండు గంటలు నిలబడితే పొట్టలో మేతను జీర్ణం చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. దిగగానే ఆకలి మీద గింజలు పెడితే పొట్ట పులిసి పడిపోతుంది. నాలుగు ఊళ్ల మందలు ఒకే లారీలో కలిస్తే ఒకదాని పీపీఆర్ అన్నింటికీ అంటుకుంటుంది. చూలు గొర్రెకు తొక్కిసలాటలో గర్భం పోతుంది. ఇక జాతి సంగతి. మన మెతుకుసీమలో ఎప్పటినుంచో ఉన్నది దక్కని గొర్రె. నల్లటి ఉన్ని, గొంగడి నేసేది దానితోనే, ఇక్కడి ఎండకూ రాళ్ల నేలకూ అలవాటు పడింది. కోస్తా నుంచి వచ్చింది నెల్లూరు జాతి, పొడుగు కాళ్లు, ఉన్ని ఉండదు. దిగిన కొత్తలో దానికి నీడా నీళ్లూ కావాలి.

ఒక ముసలి కురుమ నాతో అన్నాడు: "అన్నా, గొర్రెను పొద్దంత నిలవెట్టి నీళ్లు సూపకపోతే అది సగం సచ్చినట్టే. ఇంటికొచ్చినంక ఎంత సూది ఏస్తె ఏం లాభం?" నేను దవాఖానలో నేర్చుకున్నది ఆయన మంద వెంట తిరిగి నేర్చుకున్నాడు.

2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో ఈ పథకం రవాణా బిల్లుల ముచ్చట ఉంది. గొర్రెలను తెచ్చినట్టు చూపిన బండ్ల నంబర్లలో కార్లవి, అంబులెన్సులవి, ద్విచక్ర వాహనాలవి కూడా ఉన్నాయని తేలింది. ఏసీబీ కేసులు నడిచాయి. పత్రికలన్నీ పోయిన సొమ్ము లెక్క రాశాయి, అది రాయాల్సిందే. కానీ బండి నంబరే అబద్ధమైతే, ఆ గొర్రెలు ఏ బండిలో, ఎన్నెన్ని చొప్పున, ఎన్ని గంటలు ఉన్నాయో ఎవరికీ తెలియదన్నట్టే. ఆ ప్రశ్న ఒక్కరి నోటా వినలేదు. నాకు ఇప్పటికీ అదే బాధ.

ఇక్కడ నేను గ్రహించింది ఒకటి చెబుతాను. గొర్రె బాధ గురించి మాట్లాడితే కాపరి మనకు ఎదురు నిలుస్తాడని పట్నంవాళ్లు అనుకుంటారు. కానీ దారిలో గొర్రె చస్తే పోయేది కాపరి కుటుంబం సంపాదనే. మనకంటే ముందు నష్టపోయేది అతనే. కొమురవెల్లి మల్లన్న పట్నాల రోజుల్లో ఒగ్గు కళాకారులు డోలు కొట్టి చెప్పే కథలో మల్లన్న గొల్ల కేతమ్మను పెళ్లాడిన దేవుడు, మందల దేవుడు. ఆ జాతరలో కాపరుల దగ్గర కూర్చుని రవాణా నిబంధన చదివి వినిపించండి. పట్నంలో ఏ సభలోనూ దొరకని శ్రద్ధతో వింటారు. "లారీకి నలభైయేనా? రాసి ఉన్నదా?" అని కాగితం పట్టుకుని చూసినవాళ్లున్నారు.

4. షెడ్డు రైతును ముద్దాయిని చేయకండి

ములుగు, వర్గల్, గజ్వేల్ వైపు రోడ్డు దిగితే చాలు, పొడుగాటి బ్రాయిలర్ షెడ్లు కనిపిస్తాయి. నలభై గ్రాముల పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. కండ పెరిగినంత వేగంగా ఎముక పెరగదు, గుండె పెరగదు. చివరి వారంలో షెడ్డులోకి పోయి చూడండి, నడవలేక రొమ్ము ఆనించి కూర్చున్నవే ఎక్కువ. ఊక తడిసి అమ్మోనియా వాసన కళ్లకు కొడుతుంది. మనం ఐదు నిమిషాల్లో బయటికొస్తాం. వాటి కళ్లు మాత్రం రాత్రింబవళ్లూ ఆ గాలిలోనే ఉంటాయి.

ఇదంతా చూసి రైతు మీద కోపమొస్తుంది. కానీ ఇంటిగ్రేషన్ లెక్క తెలుసుకోండి. పిల్లలు, దాణా, మందులు కంపెనీ ఇస్తుంది. షెడ్డు, కరెంటు, ఊక, కూలి రైతువి. కిలోకింత అని పెంపకం చార్జీ ఇస్తారు. చావులు ఎక్కువైనా, దాణా ఎక్కువ పట్టినా అందులో కోత పడుతుంది. ఏ జాతి పిల్ల, షెడ్డుకు ఎన్ని, ఎన్నో రోజున ఎత్తాలి అన్నవి రైతు చేతిలో లేవు. ఒక రైతు మాట: "సార్, పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, కోడి కంపెనీది. నాదంటూ ఉన్నది బ్యాంకుల అప్పే." కాబట్టి మన వినతిపత్రం చేరాల్సింది కంపెనీ ఆఫీసుకు. ఎండాకాలం షెడ్డులో సంఖ్య తగ్గించాలని, తగ్గించినందుకు రైతు చార్జీ తగ్గకూడదని రెండూ కలిపి అడగాలి. చార్జీల పెంపు కోసం రైతులు ధర్నా చేసినప్పుడు మనం వాళ్ల పక్కన కూర్చోవాలి.

వేగంగా పెరిగే కోడి తప్ప వేరే దారి లేదంటే నమ్మకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థే వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్లను తయారుచేసింది. బయట తిరిగి మేస్తాయి, రోగాలకు తట్టుకుంటాయి. ఊరికి రెండు మూడు ఇళ్లలో వీటిని పెంచే ఆడవాళ్లు ఉన్నారు. పట్నంలో నాటుకోడి పేరుతో ఇచ్చే ధర వాళ్లకు నేరుగా చేరేటట్టు చూస్తే అది కూడా మన ఉద్యమంలో భాగమే.

మందుల మీద కూడా కన్నుండాలి. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరున ఇచ్చే కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలో కలిపేవాళ్లు. కేంద్రం 2019 జులైలో తిండి జీవాలకు దాని వాడకాన్ని నిషేధించింది. ఇరుకులో కుక్కిన కోడికి రోగం రాకుండా మందు పోయడం కంటే, ఇరుకు తగ్గించడమే సరైన వైద్యం.

5. గుడ్డు వెనక బోను

కోళ్ల పరిశ్రమ తెలుగువాళ్ల చేతుల మీద పెరిగింది. వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి. రావు 1982లో రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) పెట్టించారు. దళారి చెప్పిన ధరకు గుడ్డు అమ్ముకునే రోజులు పోయి, రైతే ధర ప్రకటించే రోజులొచ్చాయి. అది గొప్ప పని. అదే పరిశ్రమ బోనుల మీద నిలబడిందన్నది కూడా నిజమే.

ఒక్కో కోడికి బోనులో దొరికే జాగా సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. మనం జిరాక్సు తీసే ఏ4 కాగితం 620 దాటుతుంది. రెక్క చాపలేదు, మట్టిలో పొర్లలేదు, గుడ్డు పెట్టడానికి చాటు లేదు. అడుగున తీగలు, ఏడాదిన్నర దాకా ఆ తీగల మీదే నిలబడాలి. ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టి, పెంకు కోసం ఒంట్లో సున్నమంతా పోయి, ఎముకలు పెళుసుబారతాయి. పొడుచుకోకుండా పిల్లప్పుడే కాలిన బ్లేడుతో ముక్కు కొస కోస్తారు. ముక్కులో నరాలుంటాయి, అది గోరు తీసినట్టు కాదు.

1960 చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది, కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని. దీని మీద దేశమంతా నడిచిన పోరాటానికి హైదరాబాద్ ఒక కేంద్రం. హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ భారత శాఖ అక్కడినుంచే పనిచేసింది. మనం సికింద్రాబాద్ పోయే దారిలో శామీర్‌పేట దగ్గరున్న నల్సార్ విశ్వవిద్యాలయంలో జంతు చట్టాల అధ్యయన కేంద్రం పెట్టారు. గుడ్ల కోసం కోళ్లను ఆకలికి మాడ్చి ఈకలు రాల్పించే పద్ధతిని మానమని జంతు సంక్షేమ బోర్డు 2011లో చెప్పింది. 2017 జులైలో లా కమిషన్ తన 269వ నివేదికను పూర్తిగా కోళ్ల పెంపకం, రవాణాకే కేటాయించి, ముసాయిదా నిబంధనలు కూడా రాసిచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాలు ఏ వసతీ లేని ఉత్త తీగల బోనులను 2012 జనవరి 1 నుంచి ఆపేశాయి. అయితే వాళ్లు రైతులకు పన్నెండేళ్ల గడువిచ్చారు. మనం కూడా గడువు అడగాలి. ఉన్న బోనులు రేపే పీకేయమంటే అప్పు తెచ్చిన రైతు మునుగుతాడు. కొత్త షెడ్డులో బోను పెట్టవద్దు, దానికి బ్యాంకు అప్పు ఇవ్వవద్దు అని అడగడం న్యాయం, సాధ్యం కూడా.

6. పట్టే చేతులు

కోళ్లను రాత్రి ఎత్తుతారు. ఒక్కో చేతికి నాలుగైదు చొప్పున ఒంటి కాలు పట్టుకుని తలకిందులుగా మోసుకొస్తారు. తొడ కీలు జారేది, రెక్క విరిగేది అక్కడే. ఆ కూలీలకు లోడుకింత అని కూలి, నిద్ర ఉండదు. "మెల్లగా పట్టు" అని వాళ్లకు చెబితే ఏం లాభం? గంట లెక్కన కూలి ఇవ్వమని యజమానికి చెప్పాలి. సిద్దిపేటలో ఒక చికెన్ సెంటర్ అతనితో చాలా రోజులు మాట్లాడాను. మిగతా కోళ్లు చూస్తుండగా కోయకూడదని, డ్రమ్ములో విసరకుండా కోన్‌లో నిలిపి కోస్తే కోడి కొట్టుకోదని, మాంసం కమలదని చెప్పాను. ఇప్పుడు రేకు అడ్డం పెట్టి, స్టీలు కోన్‌లు బిగించాడు. పక్క దుకాణం వాడు చూసి తనూ పెట్టాడు.

7. భయంతో ప్రచారం చేయకండి

2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కొందరు మిత్రులు "ఇదే అదును" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అటువంటి రోజుల్లో షెడ్డు రైతు కోడిని అడిగిన ధరకు అమ్ముకోలేడు, మేపనూ లేడు. చికెన్ సెంటర్లో పనిచేసే పిల్లగాడికి కూలి ఉండదు. నెల తిరిగేసరికి జనం భయం మరిచి మళ్లీ కొంటారు. బోను మాత్రం అక్కడే ఉంటుంది. చాటుగా షెడ్డులోకి దూరి వీడియో తీయడం కూడా మానండి. మన చెప్పులకు అంటిన పెంటతోనే రోగం ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పోతుంది. అడిగి, మందు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోండి. రానివ్వకపోతే రోడ్డు మీద బండి కనబడుతుంది కదా, అది చాలు.

8. ఫిర్యాదు రాసే పద్ధతి

తేదీ, సమయం, చోటు, బండి నంబరు, లోపల జీవాల సంఖ్య, ఆనాటి వేడి. ఈ ఆరూ లేని ఫిర్యాదు చెత్తబుట్టలోకే. నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు పెట్టాలని 1960 చట్టం 36వ సెక్షన్ చెబుతోంది, ఆ తర్వాత ఎంత రుజువున్నా పనికిరాదు. ఎక్కువ ఎక్కించడం, ఇరుకులో పెట్టడం వంటివి పోలీసులు నేరుగా అరెస్టు చేసే నేరాలు కావు, మేజిస్ట్రేటు దాకా పోవాలి. పాలు చేపడానికి గేదెకు సూది వేయడం మాత్రం 12వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా పట్టుకోదగ్గ నేరం, రెండేళ్ల దాకా జైలు. ఈ తేడా తెలియక స్టేషన్‌లో గొంతు చించుకున్నవాళ్లను చూశాను.

మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఎన్నో దశాబ్దాల కింద రాసిన అంకె. పెంచుతామని 2022 నవంబరులో కేంద్రం ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు కూడా అడిగింది. ఒక గొర్రె చావుకు యాభై రూపాయలు అంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. అయినా ఫిర్యాదు రాయండి. ఫిర్యాదుల దొంతర లేకపోతే, సమస్యే లేదని ఆఫీసుల్లో రాసుకుంటారు.

9. లెక్కలోకి రాని మగ పిల్లలు

గుడ్ల జాతిలో పుంజు పిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి పెరగదు. హేచరీలో పుట్టిన రోజే చాలావాటిని చంపేస్తారు. మిగిలినవాటికి గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది మోపెడ్ మీద బుట్టల్లో మన ఊళ్లకు తెస్తారు. పిల్లలు మారాం చేసి కొనిపించుకుంటారు. తల్లి వెచ్చదనం లేని పిల్ల రెండు రోజులు బతికితే ఎక్కువ. జర్మనీ 2022 జనవరి నుంచి ఇట్లా చంపడాన్ని నిషేధించింది, గుడ్డులో ఉండగానే ఆడా మగా తేల్చే యంత్రాలు వాడుతోంది. గేదె మగ దూడ కథా ఇదే. పాలు అమ్మాలి కాబట్టి చాలాచోట్ల దానికి పొదుగు సరిగా అందనివ్వరు, ఎండిపోయి చచ్చేవి ఎన్నో. బడికి పోయినప్పుడు ఈ రెండు ముచ్చట్లూ చెప్పండి. రంగు పిల్లను కొననని చెప్పిన పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒప్పిస్తారు.

ఇక మనం ముందు చేయబోయే పని. ప్రతి జిల్లాలో జంతువులపై క్రూరత్వ నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. ఈ ఎండాకాలం మొదలయ్యేలోపు దుద్దెడ దగ్గరి కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి దరఖాస్తు ఇస్తాం. అందులో అడిగేవి ఇవి. ఆ సంఘం సమావేశాల తేదీలు బయట బోర్డు మీద పెట్టాలి. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా జిల్లాలో కోళ్ల బండ్లు తిరగకూడదు. గొర్రెల అంగడిలో లారీ ఎక్కించే చోట నీళ్ల తొట్టి ఉండాలి, అక్కడ పశువైద్య సిబ్బంది ఒకరు నిలబడి నలభై లెక్క చూడాలి. ఆ దరఖాస్తు మీద కాపరులు, షెడ్డు రైతులు, చికెన్ సెంటర్ల వాళ్ల సంతకాలు తీసుకుంటున్నాం. ప్రజావాణి జరిగే సోమవారం పొద్దున పది గంటలకు కలెక్టరేట్‌కు రావాలి. ఆధార్ జిరాక్సు వెంట తెచ్చుకోండి.